చక్రాల గాడిని తట్టుకునే తారు మిశ్రమం ఏది: చెన్నై, బెంగళూరు పనులకు రబ్బరు రకాల పోలిక

చెన్నైలో మాధవరం దాటి మణలి వైపు వెళ్ళే దారిలో ఉన్న ఒక సరకుల గోదాము లోపలి రోడ్డును రబ్బరు కలిపిన తారుతో వేశారు. తొలి వేసవి గడిచేసరికే, ట్రెయిలర్లు తూకం కోసం వరుసగా నిలబడే చోట, రెండు చక్రాల బాటల్లోనూ వేళ్ళు మునిగేంత గాడి పడి, దాని రెండు అంచులూ గట్టులాగా పైకి లేచాయి. అదే రోజున, అదే ప్లాంటు నుంచి వచ్చిన అదే మిశ్రమంతో వేసిన మిగతా రోడ్డు మాత్రం చెక్కు చెదరలేదు. పని చేసిన నెల్లూరు కాంట్రాక్టరు నన్ను అక్కడికి పిలిపించి, "రబ్బరు వేస్తే గాడి పడదని చెప్పినారు కదా సార్, మరి ఇదేంది?" అని అడిగాడు. ఏ పద్ధతిలో కలిపిన రబ్బరు, ఏ కంకర కూర్పులో వేశారు, బండ్లు ఎంత నెమ్మదిగా కదిలే చోట వేశారు అన్న మూడు ప్రశ్నలను పనికి ముందు ఎవరూ వేసుకోలేదన్నది నేను అతనికి చెప్పిన జవాబు. ఆ ప్రశ్నలను టెండరు రాయడానికి ముందే వేసుకోదలచిన ఇంజనీర్లకూ, కాంట్రాక్టర్లకూ, అపార్టుమెంటు సంఘాల పెద్దలకూ ఈ పోలిక పనికొస్తుంది.

మనం వాడుకలో తారు అంటున్నది పెట్రోలియం శుద్ధిలో అడుగున మిగిలే బిటుమెన్‌ను. బొగ్గు నుంచి తీసే అసలు తారు వేరే పదార్థం. ఇక్కడ మాత్రం వాడుక మాటనే పాటిస్తాను.

గాడి ఏ పొరలో పుట్టింది

మిశ్రమాన్ని ఎంచుకోవడానికి ముందు తేల్చవలసిన సంగతి ఒకటి ఉన్నది. రోడ్డు మీద కనిపించే ప్రతి పల్లమూ తారు మిశ్రమం చేసిన తప్పు కాదు. కింది మట్టి నలిగి కుంగితే పైపొరలన్నీ దానితో పాటు దిగుతాయి. అప్పుడు పల్లం వెడల్పుగా, తట్టలాగా ఉంటుంది, అంచులు పైకి లేవవు. పళ్ళికరణై చిత్తడి నేల చుట్టుపక్కల బంకమట్టి మీద వేసిన రోడ్లలోనూ, మంచినీటి గొట్టాలకో కేబుళ్ళకో తవ్వి సరిగా దిమ్మిస చేయకుండా పూడ్చిన చోట్లలోనూ కనిపించేది ఎక్కువగా ఇదే. పైపొర తానే పక్కలకు జరిగితే గాడి ఇరుకుగా, చక్రం వెడల్పుకు దగ్గరగా ఉండి, రెండు పక్కలా గట్లు కడుతుంది. అనుమానం ఉంటే చక్రాల బాటలో ఒకటి, బాటల నడుమ ఒకటి కోర్ (పొరల గుండా గుండ్రంగా కోసి తీసే నమూనా) తీసి పొరల మందాలను పోల్చి చూడాలి. చక్రాల బాటలో పైపొర పలచబడి ఉంటే తప్పు మిశ్రమానిది. మందం మారకుండా పొరల మధ్య గీత మాత్రమే కిందికి వంగి ఉంటే తప్పు మట్టిది లేదా కంకర పునాదిది. రెండో సందర్భంలో ఎంత ఖరీదైన రబ్బరు తారు పోసినా డబ్బు దండగే అవుతుంది. మన ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) 37-2018 డిజైను పద్ధతిలో 20 మిల్లీమీటర్ల గాడిని రోడ్డు విఫలమైనట్టుగా లెక్కిస్తారన్నది తెలిసిందే. కానీ ఆ లెక్క చూసేది మట్టి మీద పడే ఒత్తిడినే. పైపొర తనలో తాను జారిపోవడాన్ని అడ్డుకునే బాధ్యత అంతా మిశ్రమం ఎంపిక మీదనే పడుతుంది.

పైపొరలో జరిగేది కూడా రెండు రకాలు. రోలింగు చాలక మిగిలిన గాలి ఖాళీలు బండ్ల కింద నలిగి మూసుకోవడం మొదటిది. 40 మిల్లీమీటర్ల పొరలో ఖాళీలు 10 శాతం నుంచి 4 శాతానికి దిగినా పొర కుంగేది రెండున్నర మిల్లీమీటర్లే. కాబట్టి వేలు మునిగే గాడి కనిపించినప్పుడు, రోలర్ సరిగా తిరగలేదన్న ఒక్క మాటతో సరిపెట్టుకోవడానికి వీలులేదు. వేడికి మెత్తబడిన మిశ్రమం బరువు కింద పక్కలకు జారడం రెండోది. ఈ జారుడును ఆపేవి రెండే శక్తులు: ఒకదానికొకటి బిగిసి నిలిచే రాతి ముక్కల రాపిడి, వాటిని పట్టి ఉంచే తారు బిగువు. వేడి ఎక్కేకొద్దీ తారు బిగువు తగ్గుతుంది, రాయి రాపిడి దాదాపు మారదు. అందుకే నేను ఎప్పుడూ రాయిని ముందు, తారును తరువాత, రబ్బరును ఆ తరువాత చూస్తాను. గుండ్రటి ఏటి ఇసుక ఎక్కువగా పడిన మిశ్రమాన్ని ఏ రబ్బరూ కాపాడలేదు. పగలగొట్టిన రాతి నుంచి వచ్చిన కోణాల పొడి వాడిన మిశ్రమం మామూలు తారుతోనే సగం పోరు గెలుస్తుంది.

చెన్నై ఎండ, బెంగళూరు నిలుపు

ఉష్ణోగ్రత విషయంలో చెన్నైకి పెద్ద పీట వేసి బెంగళూరును తేలికగా తీసుకోవడం మనవాళ్ళలో అలవాటు. చెన్నైలో 2003 మే నెలలో 45 డిగ్రీలు నమోదైన మాట నిజమే. బెంగళూరులో మహా మండు వేసవిలో కూడా 39 దాకానే వెళుతుంది. అమెరికా సూపర్‌పేవ్ పద్ధతిలో, వేసవిలో వరుసగా ఏడు రోజుల గరిష్ఠ ఉష్ణోగ్రతల సగటునూ, ఆ ఊరి అక్షాంశాన్నీ తీసుకుని, రోడ్డు ఉపరితలానికి 20 మిల్లీమీటర్ల లోతున ఎంత వేడి ఉంటుందో లెక్క కట్టే సూత్రం ఒకటి ఉన్నది. చెన్నైకి 41 డిగ్రీలు, బెంగళూరుకు 36 డిగ్రీలు అని పెట్టుకుంటే ఆ సూత్రం ప్రకారం చెన్నై రోడ్డులో సుమారు 64 డిగ్రీలు, బెంగళూరు రోడ్డులో సుమారు 59 డిగ్రీలు వస్తాయి. అదే పద్ధతిలో తారు గ్రేడులు ఆరేసి డిగ్రీల మెట్లుగా ఉంటాయి కనుక, రెండు నగరాల మధ్య తేడా ఒక మెట్టు కన్నా తక్కువే.

తారు స్వభావంలో వేగమూ వేడీ ఒకదానికొకటి బదులు నిలుస్తాయి. చక్రం నెమ్మదిగా కదిలితే బరువు ఎక్కువసేపు ఆని ఉంటుంది, తారుకు జారడానికి వ్యవధి దొరుకుతుంది. దాని ఫలితం రోడ్డు మరింత వేడెక్కినట్టే ఉంటుంది. సూపర్‌పేవ్ పద్ధతిలో నెమ్మదిగా కదిలే బండ్లకు ఒక మెట్టు, నిలబడిపోయే బండ్లకు రెండు మెట్లు గట్టి తారును ఎంచుకోవాలని చెప్పేది ఇందుకే. ఈ లెక్కన బెంగళూరులో సిల్క్ బోర్డు కూడలి దగ్గర గంటల తరబడి అంగుళం అంగుళంగా కదిలే బస్సుల కింద ఉన్న తారు 71 డిగ్రీలకు తగినట్టు ఉండాలి. చెన్నై నుంచి తడ వైపు పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద 80 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తే లారీల కింద 64 డిగ్రీలకు తగినది చాలు. ఎండ తక్కువైన ఊరికే గట్టి తారు కావలసి వచ్చింది. గోదాములో పేరుకు ఒకే మిశ్రమం ఒక చోట నిలిచి మరో చోట ఓడిపోవడానికి సగం కారణం కూడా ఇదే.

ఇరుసు బరువును కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2018లో కేంద్ర ప్రభుత్వం నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు చట్టబద్ధమైన పరిమితిని 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. లెక్కలకు ప్రమాణంగా తీసుకునే ఇరుసు 8.16 టన్నులు. రోడ్డుకు కలిగే నష్టం బరువుకు నాలుగో ఘాతంలో పెరుగుతుందన్న పాత సూత్రం ప్రకారం, పూర్వపు పరిమితిలో ఉన్న ఇరుసు ఒక ప్రమాణ ఇరుసుకు రెండున్నర రెట్లు నష్టం చేసేది, కొత్త పరిమితిలో ఉన్నది దాదాపు నాలుగు రెట్లు చేస్తుంది. పాత అనుభవాన్ని బట్టి "ఇక్కడ వీజీ-30 చాలు, పదేళ్ళుగా వేస్తున్నాం" అనేవారు ఈ మార్పును లెక్కలోకి తీసుకోవాలి. వీజీ అంటే చిక్కదనాన్ని బట్టి తారుకు పెట్టిన గ్రేడు.

పోటీలో ఉన్న మిశ్రమాలు

రబ్బరు లేని వీజీ-30, వీజీ-40 తారులతోనే మొదలుపెడదాం, ఎందుకంటే వాటితో పోల్చకుండా రబ్బరు విలువ తెలియదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 73:2013 ప్రకారం 60 డిగ్రీల దగ్గర వీజీ-30 చిక్కదనం కనీసం 2400 పాయిజులు, వీజీ-40ది కనీసం 3200 పాయిజులు ఉండాలి. గాడి ఒక్కటే మీ సమస్య అయి, వేగంగా కదిలే మామూలు రాకపోకలే ఉంటే, మంచి కోణాల కంకరతో చేసిన వీజీ-40 మిశ్రమం అన్నింటికన్నా చవకగా, తేలికగా పని నెరవేరుస్తుంది. మన రెండు నగరాల్లోనూ గడ్డకట్టించే చలి లేదు కనుక గట్టి తారు చలికి పగులుతుందన్న భయం కూడా లేదు. అయితే ఇప్పటికే పగుళ్ళు బారిన పాత రోడ్డు మీద పలచటి పొరగా వేస్తే, కింది పగుళ్ళు వీజీ-40 పొరను చీల్చుకుని తొందరగా పైకి వస్తాయి. రబ్బరుకు అసలు అవసరం పుట్టేది అక్కడ.

రబ్బరు చేసే పని ఏమిటో చూద్దాం. పాత టైర్లను పొడి చేసి వేడి తారులో వేస్తే, రబ్బరు గింజలు తారులోని తేలికపాటి నూనెలను పీల్చుకుని ఉబ్బుతాయి, కానీ పూర్తిగా కరగవు. నూనెలు తగ్గిన తారు చిక్కబడుతుంది. ఉబ్బిన గింజలు చిన్న చిన్న స్ప్రింగుల్లాగా బరువు పోయాక కొంత వెనక్కి లాగుతాయి. గాడిని అడ్డుకునే శక్తికి ఈ రెండూ కారణాలే. లారీ టైర్లలో సహజ రబ్బరు పాలు ఎక్కువ కనుక ఆ పొడి కారు టైర్ల పొడి కన్నా బాగా పనిచేస్తుంది. అతిశీతలంలో పగలగొట్టిన పొడికి నునుపైన ముఖాలు ఉంటాయి. మామూలు ఉష్ణోగ్రతలో నూరిన పొడి గరుకుగా ఉండి తారుతో త్వరగా కలుస్తుంది. పొడిలో ఇనుప తీగ ముక్కలూ, నూలు పోగులూ మిగిలి ఉంటే ఆ సరుకును వెనక్కి పంపడమే మంచిది.

ఈ రబ్బరు మనకు మూడు దారుల్లో దొరుకుతుంది, మూడింటి ఫలితాలూ ఒకటి కావు. ముందుగానే ఫ్యాక్టరీలో కలిపి ట్యాంకరులో వచ్చేది మొదటిది. దీన్నే మనవాళ్ళు సీఆర్ఎంబీ (క్రంబ్ రబ్బర్ మాడిఫైడ్ బిటుమెన్) అంటారు. సన్నటి పొడి, సాధారణంగా 10 శాతం చుట్టుపక్కల ఉంటుంది. 2004 నాటి ఐఎస్ 15462లో ఉన్న సీఆర్ఎంబీ-50, 55, 60 పేర్లలోని అంకెలు అవి మెత్తబడే కనీస ఉష్ణోగ్రతలు. 2019లో రబ్బరు తారుకు ఐఎస్ 17079 అనే ప్రత్యేక ప్రమాణం వచ్చి, ఐఎస్ 15462 పాలిమర్ తారుకే (కర్మాగారంలో తయారైన పాలిమర్లు కలిపిన తారుకే) పరిమితమైనా, పాత పేర్లను టెండరు పత్రాల్లో నేను ఇంకా చూస్తూనే ఉన్నాను. దీని సుగుణం ఏమిటంటే, మామూలు దట్టమైన కంకర కూర్పులోనే, మామూలు ప్లాంటులోనే, ఒక పాలు ఎక్కువ వేడితో వాడుకోవచ్చు. లోపం ఏమిటంటే, ట్యాంకులో కలియబెట్టకుండా ఉంచితే రబ్బరు అడుగుకు దిగుతుంది. పై సగం నుంచి తోడిన తారు పేరుకు రబ్బరు తారు, గుణానికి మామూలు తారు. మరీ ఎక్కువ వేడిలో, మరీ ఎక్కువసేపు ఉడికితే గింజలు విచ్చిపోయి స్ప్రింగు గుణం పోతుంది. గాడిని తట్టుకోవడంలో బాగా తయారైన సీఆర్ఎంబీ మంచి వీజీ-40 కన్నా కొంత మెరుగు అని చెప్పవచ్చు, అంతకు మించి చెబితే అతిశయోక్తి అవుతుంది. గోదాములో వేసింది ఇదే.

రెండోది పని జరిగే ప్లాంటులోనే తారుతో రబ్బరును ఎక్కువ పాళ్ళలో ఉడికించి, వెంటనే వాడే తడి పద్ధతి. 1960ల్లో అమెరికాలోని ఫీనిక్స్ నగరపాలక ఇంజనీరు చార్ల్స్ మెక్‌డొనాల్డ్ దీనికి ఆద్యుడు. అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం డి6114 ప్రకారం రబ్బరు కనీసం 15 శాతం ఉండాలి, 175 డిగ్రీల దగ్గర చిక్కదనం 1500 నుంచి 5000 సెంటీపాయిజుల మధ్య ఉండాలి. ఇంత చిక్కటి, ఇంత లావు గింజల తారు దట్టమైన కంకర కూర్పులో ఇమడదు. రాళ్ళ మధ్య సందులు లేని చోట ఉబ్బిన గింజలు జొరబడి రాతిని రాతి నుంచి దూరం చేస్తాయి, అప్పుడు గాడి తగ్గకపోగా పెరుగుతుంది. అందుకే దీనికి నడిమి సైజు ముక్కలను తగ్గించి, పెద్ద ముక్కలు ఒకదానికొకటి ఆనుకుని నిలిచేలా, మధ్యలో రబ్బరు తారుకు చోటు మిగిలేలా కూర్చిన కంకర కావాలి. మన దేశంలో దీనికి ఐఆర్‌సీ ఎస్‌పీ 107-2015 మార్గదర్శకాలు ఉన్నాయి, జీజీఆర్‌బీ (గ్యాప్ గ్రేడెడ్ రబ్బరైజ్డ్ బిటుమెన్) అనే పేరు కూడా ఉంది. అతి భారీ రాకపోకలకు పైపొరగా ఐఆర్‌సీ 37-2018 సూచించే మిశ్రమాల్లో ఇదీ ఒకటి. తారు శాతం మామూలు మిశ్రమం కన్నా బాగా ఎక్కువ, ఏడు శాతం దగ్గరికి పోతుంది. "ఇంత తారు పోస్తే గాడి పడదా?" అని మొదటిసారి విన్నవారు తప్పకుండా అడుగుతారు. రాళ్ళు రాళ్ళకు ఆనుకుని బరువు మోస్తున్నంత కాలం, సందుల్లో ఉన్న తారు ఎక్కువైనా గాడికి కారణం కాదు. పైగా మందపాటి తారు పూత ఎండకూ గాలికీ ముదరకుండా, పగుళ్ళను ఆపడానికి ఉపయోగపడుతుంది. గాడినీ పగుళ్ళనూ ఒకేసారి ఆపవలసిన పాత రోడ్ల మీద నా మొదటి ఎంపిక ఇదే, ఒక షరతుతో: ప్లాంటు దగ్గర కలిపే పరికరమూ, చిక్కదనం చూసే చేతి మీటరూ, వాటిని వాడటం తెలిసిన మనిషీ ఉండాలి. ఆ మూడింటిలో ఒక్కటి లేకపోయినా నేను ఒప్పుకోను.

మూడోది పొడి పద్ధతి: రబ్బరును తారులో కాకుండా కంకరతోనే, సన్న ముక్కలకు బదులుగా, మిశ్రమం బరువులో ఒకటి నుంచి మూడు శాతం దాకా వేయడం. ప్రత్యేక పరికరం అక్కరలేదు, టైర్లు ఎక్కువగా ఖర్చవుతాయి. కానీ రబ్బరుకు తారును పీల్చుకునే వ్యవధి ఉండదు. ఉబ్బడం రోడ్డు మీద, రోలింగు తరువాత కూడా కొనసాగుతుంది. రోలర్ ఎత్తగానే రబ్బరు వెనక్కి తన్ని ఖాళీలను పెంచుతుంది. పని బాగా తెలిసిన చోట మంచి ఫలితాలు వచ్చిన మాట నిజమే అయినా, ప్లాంటు నుంచి ప్లాంటుకు, రోజు నుంచి రోజుకు ఇంతగా మారిపోయే పద్ధతిని భారీ బండ్లు నిలబడే చోట పైపొరకు నేను సూచించను. నడక దారులకూ, సైకిలు బాటలకూ వాడుకోవచ్చు.

రబ్బరుకు బయటి పోటీదారులు ఇద్దరు. ఒకటి, 1960ల్లో జర్మనీలో పుట్టిన రాతి మాస్టిక్ మిశ్రమం (స్టోన్ మాస్టిక్ యాస్ఫాల్ట్), మన వాడుకలో ఎస్ఎంఏ. దీనిలో మోటు కంకర డెబ్బై శాతానికి పైగా ఉంటుంది, తారు కారిపోకుండా 0.3 శాతం దాకా నారపోగులు వేస్తారు, సాధారణంగా పాలిమర్ తారు వాడతారు. గాడిని తట్టుకోవడం ఒక్కటే కొలమానమైతే పాలిమర్ తారుతో చేసిన ఎస్ఎంఏ జీజీఆర్‌బీకి ఏ మాత్రం తీసిపోదు, చాలాసార్లు ఒక అడుగు ముందే ఉంటుంది; తయారీలో నిలకడ కూడా ఎక్కువ. ఖర్చే దాని అడ్డంకి. రెండోది ప్లాస్టిక్ వ్యర్థాలను వేడి కంకర మీద పూతగా వేసే పద్ధతి. మదురై త్యాగరాజర్ ఇంజనీరింగ్ కళాశాల ఆచార్యులు రాజగోపాలన్ వాసుదేవన్ దీన్ని రూపొందించారు, 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చెన్నై నుంగంబాక్కంలోని జంబులింగం వీధిలో 2002లోనే ఈ రోడ్డు పడింది. ప్లాస్టిక్ మిశ్రమాన్ని బిగువు చేస్తుంది, నీటికి తారు వదలకుండా కాపాడుతుంది, కానీ రబ్బరులాగా వెనక్కి లాగే గుణం దానికి లేదు. వీధి రోడ్లకు బాగుంటుంది. పగుళ్ళు బారిన పాత రోడ్డు మీద రబ్బరుకు బదులు అవుతుందని మాత్రం అనుకోకూడదు.

ఏ పరీక్షను నమ్మాలి

మిశ్రమాలను పోల్చేటప్పుడు మనవాళ్ళు మొదట చూసేది మార్షల్ స్టెబిలిటీ అంకెను. రబ్బరు మిశ్రమాల విషయంలో ఆ అంకె దారి తప్పిస్తుంది. 60 డిగ్రీల నీటిలో ఉంచిన దిమ్మను నిమిషానికి 50 మిల్లీమీటర్ల వేగంతో ఒకేసారి నొక్కి పగలగొట్టే ఆ పరీక్షలో, వేలసార్లు బరువు పడి లేచే రోడ్డు పోలిక లేదు. ప్లాస్టిక్ వేసిన మిశ్రమం ఇందులో ఆకాశానికి ఎక్కుతుంది. కోణాల రాతితో చక్కగా నిలబడే జీజీఆర్‌బీకి తక్కువ స్టెబిలిటీ, ఎక్కువ ఫ్లో (పగిలేలోపు దిమ్మ నలిగే కొలత) వచ్చి అది బలహీనమైనదిగా కనిపిస్తుంది. మార్షల్ అంకెను బట్టి వరుస కడితే సరిగ్గా తలకిందుల వరుస వచ్చిన సందర్భాలను నా ల్యాబులోనే చూశాను.

అడగవలసింది చక్రం తిప్పే పరీక్ష. హాంబర్గ్ పరీక్షలో 705 న్యూటన్ల బరువున్న ఉక్కు చక్రాన్ని నీటిలో ముంచిన పలక మీద 20,000 సార్లు తిప్పి గాడి లోతును కొలుస్తారు. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం 50 డిగ్రీల దగ్గర 12.5 మిల్లీమీటర్లను హద్దుగా పెట్టింది. నీరు కూడా ఉంటుంది కనుక తారు రాతిని వదలడం మొదలైన క్షణం కూడా గీతలో విరుపుగా తెలుస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో రోడ్లు నానే చెన్నైకి ఇది ముఖ్యం. ఐరోపా పద్ధతిలో చిన్న యంత్రం మీద, గాలిలో, 60 డిగ్రీల దగ్గర చక్రాన్ని రానూపోనూ 10,000 సార్లు తిప్పి, 5,000 నుంచి 10,000 మధ్య గాడి ఎంత వేగంగా పెరుగుతున్నదో చూస్తారు. మన రోడ్డు వేడి 60 దాటుతుంది కనుక, ఒక్క 50 డిగ్రీల ఫలితం చూపించి సంతకం పెట్టమంటే నేను పెట్టను. 60 దగ్గర కూడా తిప్పమంటాను. అన్నింటికన్నా ముఖ్యంగా, పోటీలో ఉన్న మిశ్రమాలన్నిటినీ ఒకే యంత్రం మీద, ఒకే గాలి ఖాళీల శాతం దగ్గర, సుమారు ఏడు శాతం దగ్గర, పోల్చాలి. ఒక కంపెనీ ఇచ్చిన పత్రాన్ని మరో కంపెనీ పత్రంతో పోల్చడం వల్ల ఏమీ తేలదు.

తారును విడిగా చూడాలంటే మెత్తబడే ఉష్ణోగ్రత చాలదు. పదేపదే లాగి వదిలే ఎంఎస్‌సీఆర్ పరీక్షలో, 3.2 కిలోపాస్కల్ ఒత్తిడి దగ్గర వెనక్కి రాకుండా మిగిలిపోయే సాగుడు ఎంత అన్నది చూస్తారు; ఆ విలువ మామూలు రాకపోకలకు 4.5కు, భారీ వాటికి 2కు, నిలబడే బండ్లకు 1కి, అతి భారీగా ఉండి పైగా నిలబడిపోయే వాటికి 0.5కు మించకూడదు. ఒక హెచ్చరిక: ఈ యంత్రంలో పలకల మధ్య ఒక మిల్లీమీటరు సందే ఉంటుంది, లావు రబ్బరు గింజలు ఆ సందులో పలకలకు తగిలి తారును లేని బిగువు ఉన్నట్టు చూపిస్తాయి. లావు గింజలుంటే సందును రెండు మిల్లీమీటర్లు చేయమని ల్యాబుకు ముందే చెప్పండి.

ఎక్కడ ఏది

అపార్టుమెంటు లోపలి దారికో, కార్లూ చిన్న వ్యానులూ తిరిగే వీధికో రబ్బరు గురించి తల బద్దలు కొట్టుకోనవసరం లేదు. వీజీ-30తో, మంచి కంకరతో, సరైన రోలింగుతో పని ముగించండి, మిగిలిన డబ్బును మురుగు కాలువ వాలు సరిచేయడానికి పెట్టండి. పాత పొరను గీకకుండా పొర మీద పొర వేసుకుంటూ పోతే రోడ్డు ఇంటి గడపకన్నా ఎత్తవుతుందని చెన్నైలో ఎవరికీ చెప్పనక్కరలేదు.

వేగంగా నడిచే జాతీయ రహదారి కొత్తగా వేస్తున్నదైతే వీజీ-40తోగానీ, ల్యాబు ఫలితం బాగున్న సీఆర్ఎంబీతోగానీ దట్టమైన మిశ్రమం సరిపోతుంది. పగుళ్ళు ఉన్న పాత రహదారి మీద కొత్త పొర అయితే, కలిపే ఏర్పాటు నమ్మదగినదైతే జీజీఆర్‌బీ, లేకపోతే ఎస్ఎంఏ. నగరంలో సిగ్నళ్ళ ముందు, ఎత్తు ఎక్కే వంతెన మొదట్లో, బస్సులు బారులు తీరే దారిలో పాలిమర్ తారుతో ఎస్ఎంఏ నా మొదటి ఎంపిక, జీజీఆర్‌బీ రెండోది.

బస్సు ఆగే చోటు, తూకం ముందు ట్రెయిలర్ నిలిచే చోటు, కంటైనర్ యార్డు, డీజిలు కారే డిపో: ఇక్కడ ఏ తారునూ ఎంచుకోకండి. నిలిచిన బరువుకు తారు ఎప్పుడో ఒకప్పుడు లొంగుతుంది, డీజిలు దాన్ని కరిగిస్తుంది, రబ్బరు ఈ రెంటినీ ఆపలేదు. సిమెంటు కాంక్రీటో, గట్టి పేవర్ బ్లాకులో వేయాలి. బెంగళూరులో వైట్ టాపింగ్ పేరుతో తారు మీద కాంక్రీటు పరిచిన రోడ్ల మీద పని జరిగినంత కాలం ట్రాఫిక్ పడ్డ బాధ అందరికీ గుర్తే, కానీ బస్సులు ఆగే చోట్ల వరకు ఆ నిర్ణయం సరైనదే. గోదాములో కూడా చివరికి చేసింది ఇదే: తూకం ముందు అరవై మీటర్ల మేర పైపొర తీసేసి కాంక్రీటు వేయించాం, మిగతా రబ్బరు రోడ్డును ముట్టుకోలేదు.

పనిలో చెడగొట్టుకోకుండా

రబ్బరు మిశ్రమం చల్లబడితే మామూలు మిశ్రమం కన్నా త్వరగా మొండికేస్తుంది. ప్లాంటు చెన్నై శివార్లలోని ఒరగడం అనే ఊరి అవతల, పని నగరంలోని రాయపురంలో అయితే, పగటి ట్రాఫిక్‌లో చిక్కుకున్న టిప్పరు వచ్చేసరికి మిశ్రమం రోలింగుకు చాలని వేడికి దిగి, రోలర్ ఎంత తిరిగినా ఖాళీలు మూసుకోవు. రాత్రి పని పెట్టుకోవడం, టిప్పరు మీద టార్పాలిన్ బిగించడం, మిశ్రమాన్ని పరిచే పేవర్ యంత్రం ముందే థర్మామీటరు గుచ్చి చూడటం తప్పనిసరి. రబ్బరు శాతం ఎక్కువగా ఉన్న మిశ్రమం మీద గాలి టైర్ల రోలర్ నడపకూడదు, టైర్లకు అంటుకుని పైపొర లేచి వస్తుంది. వైబ్రేషన్ ఉన్న ఉక్కు రోలర్లే వాడాలి. రోలింగు ముగిశాక పొర బాగా చల్లారకముందే బస్సులను వదిలితే మొదటి గాడి ఆ తెల్లవారే పడుతుంది.

టెండరులో "రబ్బరు తారు" అని మాత్రమే రాసి వదిలేయకండి. కలిపే పద్ధతి ఏది, రబ్బరు శాతం ఎంత, కంకర కూర్పు ఏది, 60 డిగ్రీల దగ్గర చక్రపు పరీక్షలో గాడి హద్దు ఎంత, ట్యాంకులో కలియబెట్టే ఏర్పాటు ఎవరిది, తారు నమూనాను ట్యాంకు పైనుంచీ అడుగునుంచీ విడివిడిగా ఎవరు తీస్తారు అన్నవి రాయించండి. ఆ చివరి మాట ఒక్కటి పత్రంలో ఉండి ఉంటే నెల్లూరు కాంట్రాక్టరుకు సగం సంగతి ముందే తెలిసేది: గోదాము రోడ్డు నుంచి మేము తీసిన కోర్లలో తూకం దగ్గరి భాగానిది ఆ రోజు చివరి టిప్పర్ల సరుకు, అందులో రబ్బరు గింజలు చేతి భూతద్దానికి కూడా అరుదుగానే కనిపించాయి.